అంగడి, జాతర, మేళా: చేతిపని వస్తువుకు గిరాకీ ఎక్కడ?

ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి దక్షిణంగా వెళ్తే నిర్మల్ వస్తుంది. అక్కడ పొనికి కర్రతో బొమ్మలు చెక్కే నకాషీలు ఉన్నారు. తూర్పుగా ఇచ్చోడ, ఇంద్రవెల్లి, ఉట్నూరు దాటితే జైనూరు, కెరమెరి మండలాలు. అక్కడ ఇత్తడి కరిగించి దేవతామూర్తులు పోసే ఓజాలు ఉన్నారు. బోథ్ మండలంలోనే పొచ్చెర జలపాతం ఉంది, పక్కనున్న నేరడిగొండ మండలంలో కుంటాల ఉంది. వానలు పడ్డాయంటే ఈ రెండు చోట్లకూ హైదరాబాద్, నాందేడ్, నాగ్‌పూర్ వైపుల నుంచి బండ్లు వస్తాయి. చేసేవాళ్లూ కొనగలిగినవాళ్లూ ఒకే ప్రాంతంలో తిరుగుతున్నా, వాళ్లు ఎదురుపడేది ఎక్కువగా మాదాపూర్ శిల్పారామంలోనో, ఢిల్లీ హాట్‌లోనో.

ఇది సరైన పద్ధతేనా అన్న ప్రశ్న చుట్టూ చాలాకాలంగా చర్చ నడుస్తోంది. చేతిపని వస్తువును జనం ముందు పెట్టి, చూపి, చెప్పి అమ్ముకోవడానికి ఏ చోటు మంచిది? స్టాల్‌లో ఎవరు నిలబడాలి? ధర ఎవరు చెప్పాలి? కొనేవాళ్ల ఇష్టానికి తగ్గట్టు వస్తువును ఎంతవరకు మార్చవచ్చు? అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, డిజైనర్లు, సహకార సంఘాలు, కళాకారులు వీటికి వేర్వేరు జవాబులు చెబుతున్నారు. ఉత్తర తెలంగాణ కళల అనుభవంతో ఆ జవాబులను పరిశీలించడానికి ఈ సమీక్ష.

ముందు వస్తువు సంగతి

ఒక మేళా నిర్మల్ బొమ్మకు కలిసివచ్చిందని ఓజాల ఇత్తడి పోతపని అయిన డోక్రాకూ కలిసివస్తుందనుకోలేం. ప్రతి వస్తువుకూ తన బరువు, తన ధర, తన తయారీ కాలం ఉంటాయి. ప్రచారం ఎలా ఉండాలో నిర్ణయించేది ఇవే.

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, దక్కింది. జైనూరు మండలం ఉషేగావ్, కెరమెరి మండలం కేస్లాగూడ లాంటి ఊళ్లలో కొద్ది ఓజా కుటుంబాలు ఈ పని చేస్తున్నాయి. మట్టితో లోపలి రూపం చేసి, దానిమీద తేనెమైనపు తీగలు అతికి, మళ్లీ మట్టి కప్పుతారు. కాలిస్తే మైనం కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడతారు కనుక ఒక అచ్చులో ఒకే వస్తువు వస్తుంది. మొహెంజొదారో నర్తకి విగ్రహం తయారైంది ఈ మైనపు పద్ధతిలోనే. ప్రచారం దృష్టితో చూస్తే డోక్రాకు ఒక బలం, ఒక ఇబ్బంది ఉన్నాయి. ఏ రెండు వస్తువులూ ఒకేలా ఉండకపోవడం బలం. ఇత్తడి బరువు ఇబ్బంది. అమ్ముడుపోని సరుకును దూరం నుంచి తిరిగి మోసుకురావడమంటే కళాకారుడికి రెట్టింపు ఖర్చు.

నిర్మల్ బొమ్మ దీనికి పూర్తిగా భిన్నం. పొనికి కర్ర మెత్తనిది, తేలికైనది. చెక్కిన ముక్కలను చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి రంగులు వేస్తారు. పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువులు పెట్టెల్లో సర్దుకుని ఎంత దూరమైనా తీసుకెళ్లవచ్చు. పిల్లల చేతికి అందే ధరలో చిన్న వస్తువులూ ఉంటాయి. దీని ఇబ్బంది ముడిసరుకు దగ్గరుంది. అడవిలో పొనికి చెట్లు తగ్గిపోవడంతో, మేళాలో పెద్ద ఆర్డర్ వచ్చినా కర్ర దొరికితేనే ఒప్పుకోగల పరిస్థితి.

కరీంనగర్ వెండి తీగపని 2007లో జీఐ గుర్తింపు పొందింది. అత్తరుదానులు, పాన్‌దాన్‌లు, పళ్లేలు, నగల పెట్టెలు సన్నని మెలితిప్పిన వెండి తీగతో అల్లుతారు. సంచిలో పట్టేంత సరుకు విలువ లక్షలకు చేరుతుంది. మేళాలో దాన్ని రాత్రంతా కాపాడుకోవడం ఒక పని. కొనేవాళ్లు బరువు తూచి వెండి ధర కట్టి, మజూరీ దగ్గర బేరమాడటం ఇంకో తలనొప్పి.

చేర్యాల నకాషీ పటాలది వేరే దారి. అవి మొదట అమ్మకానికి పుట్టిన వస్తువులు కావు. కులపురాణాలు చెప్పే కళాకారులు గజాల కొద్దీ పొడవున్న పటాన్ని గీయించుకుని, ఊరూరా విప్పి కథ చెప్పేవారు. ఆ కథకులు తగ్గిపోయాక పటం చిన్నదై గోడకు వేలాడే బొమ్మ అయింది. దానితోపాటు ముఖాకృతులు, తాళంచెవి గుత్తులు వచ్చాయి. మేళా ఒక కళారూపాన్ని ఎంతగా మార్చగలదో తెలుసుకోవడానికి మన దగ్గర చేర్యాలను మించిన ఉదాహరణ లేదు.

వాడుకదారు నుంచి కొనుగోలుదారు దాకా

ఈ చర్చకు మూలం ఒక పెద్ద మార్పులో ఉంది. పూర్వం ఓజాల సరుకు కొన్నది గోండులు, కొలాములు. తమ దేవతల మూర్తులు, గంటలు, దీపాలు, నాట్యానికి గజ్జెలు వాళ్లకు కావాలి. ఓజా ఎవరో, ఆ వస్తువు దేనికో ఒకరు చెప్పనక్కరలేదు. ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసి 1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ ప్రచురించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ నమోదు చేసిన సమాజం ఇలా ఇచ్చిపుచ్చుకోవడాల మీద నడిచినది. ప్రచారం అవసరం ఎప్పుడు వచ్చిందంటే, వస్తువు అర్థం తెలియని మనిషి ముందు దాన్ని పెట్టవలసి వచ్చినప్పుడు.

నగరంలో అలాంటి వేదిక తొలిగా హైదరాబాద్ నుమాయిష్. ఉస్మానియా పట్టభద్రుల చొరవతో 1938లో ‘నుమాయిష్ మస్నువాతే ముల్కీ’ పేరుతో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. పేరులోనే ఉద్దేశం ఉంది: ఈ రాజ్యంలో తయారైన వస్తువులను ఈ రాజ్యం ప్రజలకు చూపించడం. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఏళ్లు గడిచేకొద్దీ అది దేశం నలుమూలల వ్యాపారులు వచ్చే పెద్ద సంత అయింది. స్థానిక చేతిపని దానిలో ఒక మూలకు చేరింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. కమలాదేవి చట్టోపాధ్యాయ నాయకత్వంలో ప్రదర్శనలు, ఎంపోరియాలు, కళాకారులకు గుర్తింపు జాతీయ కార్యక్రమాలయ్యాయి. 1955లో నిర్మల్ బొమ్మల కళాకారులు సహకార సంఘంగా ఏర్పడి, సొంత అమ్మకపు కేంద్రం పెట్టుకున్నారు. 1980ల తర్వాత మేళాల కాలం వచ్చింది. 1981లో హస్తకళాకారులతో పనిచేసే దస్త్‌కార్ సంస్థ పుట్టింది. 1987లో హర్యానాలో సూరజ్‌కుండ్ మేళా మొదలైంది. అదే ఏడాది గిరిజన ఉత్పత్తుల మార్కెటింగ్‌కు ట్రైఫెడ్ ఏర్పడింది. 1990లలో శిల్పారామం, 1994లో ఢిల్లీ హాట్ వచ్చాయి. 2017 నుంచి ట్రైఫెడ్ ఆది మహోత్సవ్ నిర్వహిస్తోంది.

కోవిడ్ కాలంలో ఇవన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. 2020 ఆగస్టులో కేంద్రం హస్తకళల బోర్డును రద్దు చేసింది. 2021లో నుమాయిష్ జరగలేదు. మేళాల మీదే బతికిన కుటుంబాలకు ఆ రెండేళ్లు ఒక విషయం గట్టిగా చెప్పాయి: ఒకే రకం వేదికను నమ్ముకుంటే ఆ వేదిక మూతపడిన రోజు గిరాకీ మొత్తం పోతుంది. పాత చర్చ అప్పటి నుంచి మళ్లీ వేడెక్కింది.

మొదటి వాదం: ప్రభుత్వమే తీసుకెళ్లాలి

పేద కళాకారుడు తన ఖర్చుతో ఢిల్లీ వెళ్లలేడు కనుక ప్రభుత్వమే తీసుకెళ్లి, చోటు ఇచ్చి, దినభత్యం ఇచ్చి నిలబెట్టాలని ఈ వాదం. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం నడిపే గాంధీ శిల్ప్ బజార్లు, గ్రామీణాభివృద్ధి శాఖ సరస్ మేళాలు, మన దగ్గర డ్వాక్రా బజార్లు, గోల్కొండ ఎంపోరియాలు ఈ ఆలోచన నుంచి వచ్చినవే. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం కుమ్మరులు, బొమ్మల తయారీదారులతో కలిపి 18 వృత్తులకు వర్తిస్తుంది. రుణం, పనిముట్ల సాయంతోపాటు మార్కెటింగ్ తోడ్పాటు కూడా అందులో భాగమే.

ఈ మార్గం లేకపోతే ఉషేగావ్ పేరు రాష్ట్రం బయట ఎవరికీ తెలిసేది కాదు. కళాకారుడికి గుర్తింపు కార్డు రావడం, తోటి కళాకారులను కలవడం, నగర కొనుగోలుదారుల అభిరుచి తెలియడం నిజమైన లాభాలు. లోపం కూడా స్పష్టంగానే ఉంది. అధికారులు చెప్పిన తేదీకి, చెప్పిన చోటికి, చెప్పినన్ని రోజులు కళాకారుడు వెళ్లాలి. ఆ కాలం తన పనికి అనువైనదా కాదా అని ఎవరూ అడగరు.

రెండో వాదం: చేసి చూపాలి, కథ చెప్పాలి

తయారీ చూసినవాళ్లు ధర గురించి తక్కువ బేరమాడతారని దస్త్‌కార్ లాంటి సంస్థల నమ్మకం. ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియం కళాకారులను రప్పించి సందర్శకుల ముందే పని చేయించడంలోనూ ఇదే ఆలోచన ఉంది. డోక్రా విషయంలో ఈ వాదానికి బలం ఎక్కువ. మైనపు తీగను వేలికొసలతో అతకడం కళ్లారా చూసిన మనిషికి, యంత్రంతో పోతపోసిన ఇత్తడి బొమ్మకూ దీనికీ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. చేర్యాల పటానికి కథే ప్రాణం. ముందు నిలబడి బొమ్మల వరుసలోని కథ చెబితే, అలంకారంగా కనిపించిన బొమ్మ పురాణంగా కనిపిస్తుంది.

దీనికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, అన్ని దశలూ స్టాల్‌లో చూపలేం. నగర మైదానంలో కొలిమి వెలిగించి ఇత్తడి కరిగించడానికి నిర్వాహకులు ఒప్పుకోరు. మైనపు పని చూపి, అచ్చు దశలను వరుసగా పేర్చి పెట్టడం వరకే సాధ్యం. రెండోది భాష. ఇంట్లో గోండీ, మరాఠీ మాట్లాడుతూ తెలుగు నేర్చుకున్న కళాకారుడు హిందీలో, ఇంగ్లిష్‌లో కథ చెప్పలేక వెనక్కి తగ్గుతాడు. పక్క స్టాల్‌లోని మాటకారి వ్యాపారి అతని గిరాకీ లాక్కుపోతాడు. అందుకే తయారీ దశల బొమ్మలతో, కొనేవాళ్ల భాషలో, చిన్న చీటీ వేసి ప్రతి వస్తువుతో ఇవ్వాలని ఈ వాదులు చెబుతారు. ఈ సూచనకు ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

మూడో వాదం: కొనేవాళ్లకు తగ్గట్టు మారాలి

మేళాకు వచ్చే కుటుంబం పెద్ద విగ్రహం కొనడానికి రాదు, సంచిలో పట్టే బహుమతి కోసం వస్తుంది. అందువల్ల చిన్న ఏనుగు, కొవ్వొత్తి పెట్టుకునే దీపం, తలుపు పిడి, లాకెట్ లాంటివి చేయాలని డిజైనర్లు సలహా ఇస్తారు. నిర్మల్‌లో, చేర్యాలలో ఈ మార్పు చాలావరకు జరిగిపోయింది. చవక వస్తువులు స్టాల్ దగ్గర జనాన్ని ఆపుతాయి, ఆగినవాళ్లలో కొందరు పెద్దవి కొంటారు. వ్యాపార సూత్రంగా ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

అభ్యంతరం నైపుణ్యం విషయంలో వస్తుంది. ఏడాది పొడవునా తాళంచెవి గుత్తులు చేసే చెయ్యి పెద్ద పటం గీయడం మరిచిపోతుంది. డోక్రాలో ఇంకో చిక్కు ఉంది. ఆ మూర్తులలో కొన్ని గోండులు పూజించే దేవతలవి. వాటిని బల్ల మీద అలంకారంగా అమ్మవచ్చా, ఏవి అమ్మవచ్చు, ఏవి కూడదు అన్నది బయటి డిజైనర్ తేల్చే విషయం కాదు. ఓజాలు, గోండులు కలిసి మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి.

నాలుగో వాదం: ఇంటి దగ్గరి జాతరే అసలు మేళా

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతర పుష్య అమావాస్య నాడు గోండుల్లోని మెస్రం వంశీయుల మహాపూజతో మొదలవుతుంది. అంతకుముందే వాళ్లు గోదావరి జలం కోసం జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి వస్తారు. జాతరలో వాడే కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర తయారవుతాయి. 1940లలో హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైన, గిరిజనుల సమస్యలు వినే దర్బారు ఇప్పటికీ నడుస్తోంది. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి గోండులు తరలివస్తారు. నార్నూరులో ఖాందేవ్, కెరమెరి కొండల్లో జంగుబాయి జాతరలూ ఇదే పుష్యమాసంలో వస్తాయి.

ఇక్కడికి వచ్చేవాళ్లకు డోక్రా అంటే ఏమిటో వివరించనక్కరలేదన్నది ఈ వాదం సారం. గంట, గజ్జె, దీపం వాళ్లకు అవసరమైన వస్తువులు. సిరికొండ కుండల సంప్రదాయం చూపేది కూడా ఇదే: ఆచారంలో చోటున్న వస్తువుకు ప్రచారం దానంతటదే సాగిపోతుంది. ప్రయాణ ఖర్చు తక్కువ, మిగిలిన సరుకు ఆ సాయంత్రమే ఇంటికి చేరుతుంది.

ఈ వాదాన్ని వ్యతిరేకించేవారు కొనుగోలు శక్తిని చూపిస్తారు. జాతరలో డోక్రాకు పోటీ మిల్లు నుంచి వచ్చిన చవక ఇత్తడి, అల్యూమినియం, ప్లాస్టిక్. కొనేవాళ్లు తన చుట్టాలే అయినప్పుడు ఓజా నగరపు ధర చెప్పలేడు. ఇది నిజమే. అయితే జాతరకు గిరిజనేతరులూ, ఉద్యోగులూ, పర్యాటకులూ రావడం పెరిగింది. వాళ్లను ఆపి చూపించే ఏర్పాటు ఉంటే ఈ అభ్యంతరం సగం తగ్గుతుంది.

ఐదో వాదం: కొనేవాళ్లే ఊరికి రావాలి

భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. ఒడిశాలో పటచిత్ర కళాకారుల రఘురాజ్‌పూర్ చాలా ఏళ్లుగా సందర్శకులను తన వీధుల్లోకే రప్పిస్తోంది. మగ్గం ముందో, కొలిమి ముందో కొన్న వస్తువులో నకిలీ భయం ఉండదు, కళాకారుడికి పని దినాలు పోవు.

ఉత్తర తెలంగాణకు ఇది ఎంతవరకు పనికొస్తుంది? నిర్మల్ హైవే మీదే ఉంది కనుక అక్కడ ఇప్పటికే కొంత జరుగుతోంది. ఉషేగావ్, కేస్లాగూడ లోపలి ఊళ్లు. అక్కడికి దారి, బస, భోజనం లేకుండా పర్యాటకులను పిలవడం కళాకారుల కుటుంబాల మీద భారం వేయడమే. పొచ్చెర, కుంటాల దగ్గర వానాకాలం నుంచి చలికాలం దాకా వంతులవారీగా కళాకారులు కూర్చునే ఏర్పాటు మధ్యేమార్గంగా కనిపిస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

- ప్రభుత్వ మేళా: గుర్తింపు ఎక్కువ, కళాకారుడి సొంత ఖర్చు తక్కువ, పోయే పని దినాలు ఎక్కువ. తేలికైన నిర్మల్ బొమ్మలకు, చేర్యాల ముఖాకృతులకు బాగా సరిపోతుంది.
- చేసి చూపే ప్రదర్శన: ధర నిలుస్తుంది, నకిలీకీ అసలుకూ తేడా తెలుస్తుంది. డోక్రాకు, చేర్యాల పటానికి తగినది. భాష తోడు తప్పనిసరి.
- చిన్న వస్తువుల మార్గం: అమ్మకం వేగంగా జరుగుతుంది, పెద్ద పని నైపుణ్యం తగ్గే ప్రమాదం ఉంది.
- జాతర, అంగడి: రవాణా ఖర్చు దాదాపు లేదు, మళ్లీ మళ్లీ వచ్చే గిరాకీ ఉంది, ధర పెరగదు. ఆచారంలో చోటున్న డోక్రాకు, కుండలకు ఇదే పునాది.
- ఊరికి రప్పించడం: నమ్మకం ఎక్కువ, మౌలిక వసతులు లేనిదే సాగదు. నిర్మల్‌కు వెంటనే, ఓజా ఊళ్లకు నెమ్మదిగా.
- ఈ ఐదు వాదాల్లోకి రాని ఇంకో దారి, ఆర్డర్ల కోసం వ్యాపార ప్రదర్శన: చేతిలో నగదు తక్కువ, తర్వాతి నెలలకు పని ఎక్కువ. కరీంనగర్ వెండి తీగపనికి, సంస్థల బహుమతుల ఆర్డర్లు తీసుకోగల సంఘాలకు అనువైనది.

ఇంకా తేలనివి

*స్టాల్‌లో ఎవరు?* కళాకారుల కోసం కట్టిన మేళాల్లోకి వ్యాపారులు చేరడం పాత ఫిర్యాదు. ఢిల్లీ హాట్ ఆలోచనకు ఆద్యురాలైన జయా జైట్లీ కూడా అక్కడ కళాకారుల చోటును వ్యాపారులు ఆక్రమించడాన్ని బహిరంగంగా విమర్శించారు. అమెరికాలో 2004 నుంచి జరుగుతున్న శాంటా ఫే జానపద కళల మార్కెట్ ముందుగా కళాకారులను ఎంపిక చేసి, వాళ్లే వచ్చి కొనేవాళ్లతో మాట్లాడే పద్ధతి పాటిస్తుంది. అయితే ఇంట్లో మైనం పనిలో సగం చేసే స్త్రీలు పదేసి రోజులు పరాయి ఊరిలో ఉండగలరా, సంఘం ప్రతినిధి కూర్చుంటే అది మోసమవుతుందా అన్న ప్రశ్నలకు ఒప్పందం కుదరలేదు.

*గుర్తింపు ఎవరిది?* జీఐ చట్టం కింద ఆ పేరు వాడే హక్కు కోసం కళాకారుడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ట్యాగ్ వచ్చినంత మాత్రాన స్టాల్‌లో ప్రతి ఒక్కరూ దాన్ని చూపి అమ్మలేరు. ఆ నమోదు జరగని చోట జీఐ బోర్డు ప్రచారానికి ఉపయోగపడదు.

*నిబంధనలు తెలిసిందెందరికి?* 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ ప్రమాణం తప్పనిసరి అయింది. హస్తకళల కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులకు, జీఐ వస్తువుల అధీకృత వినియోగదారులకు మినహాయింపు ఉంది. పరిమితికి లోబడి హస్తకళల అమ్మకందారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే వేరే రాష్ట్రంలో అమ్మవచ్చు, కానీ సరుకు తీసుకెళ్లేటప్పుడు ఈ-వే బిల్లు కావాలి. ఈ రెండు సంగతులూ తెలియని కళాకారుడు చెక్‌పోస్టు దగ్గర, మేళా తనిఖీ దగ్గర అనవసరంగా భయపడతాడు.

*ప్రమాదం జరిగితే?* 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో, 2025 ఏప్రిల్ 30 రాత్రి ఢిల్లీ హాట్‌లో మంటలు స్టాళ్లను కాల్చేశాయి. ఏడాది పని ఒక్క రాత్రిలో బూడిదయ్యే చోటికి కళాకారుణ్ని పంపేటప్పుడు సరుకు బీమా ఎవరు కట్టాలన్నది ఇంకా ఎవరికీ పట్టలేదు.

*ఏ కాలంలో?* ఇది అన్నింటికంటే తక్కువగా చర్చకు వచ్చిన ప్రశ్న. వానాకాలంలో మట్టి అచ్చులు ఆరడం కష్టం, చలి, ఎండ నెలలే ఓజాలకు పనికాలం. శిల్పారామం, నుమాయిష్, సూరజ్‌కుండ్ మేళాలన్నీ డిసెంబరు, ఫిబ్రవరి మధ్యే వస్తాయి. నాగోబా జాతరా అప్పుడే. 2016లో సూరజ్‌కుండ్ మేళాకు తెలంగాణ ఇతివృత్త రాష్ట్రమైంది. ఆ మేళా ఫిబ్రవరి 1 నుంచి 15 దాకా జరిగింది, ఆ ఏడు పుష్య అమావాస్య ఫిబ్రవరి 8న వచ్చింది. రాష్ట్రానికి అంత పెద్ద అవకాశం దక్కిన పక్షంలోనే ఓజాలకు ఇంటి దగ్గర అతి ముఖ్యమైన జాతర. చేయవలసిన కాలం, అమ్మవలసిన కాలం, కొలువవలసిన కాలం ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి.

*విజయానికి కొలత ఏది?* మేళా ముగిశాక నిర్వాహకులు మొత్తం అమ్మకాల లెక్క ప్రకటిస్తారు. పది రోజుల మేళా అంటే రానుపోను రెండు వారాలు కొలిమి ఆరిపోయినట్టే. ఆ నష్టం ఆ లెక్కలోకి రాదు. తిరిగి మోసుకొచ్చిన సరుకు, తర్వాత ఆర్నెల్లలో ఫోనులో వచ్చిన ఆర్డర్లు కూడా రావు. వీటిని నమోదు చేయనంతకాలం ఏ వాదం గెలిచిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎక్కడికి చేరాం

ఐదు వాదాల్లో ఏ ఒక్కటీ పూర్తిగా తప్పు కాదు, అన్ని కళలకూ సరిపోయేదీ ఒక్కటి లేదు. ఇప్పటిదాకా ఉన్న అనుభవం మాత్రం కొన్ని విషయాలను స్పష్టం చేస్తోంది. దూరపు మేళా విలువ అక్కడ అమ్ముడైన సరుకులో కంటే తెచ్చుకున్న ఆర్డర్లలో, పరిచయాల్లో ఎక్కువ. అందుకని బరువైన డోక్రా విషయంలో బండెడు సరుకుకు బదులు ఎంచిన నమూనాలు, తయారీ దశలు, ఫోటోల పుస్తకం, ఫోను నంబరున్న చీటీలు తీసుకెళ్లడం మేలు. దగ్గరి జాతర, అంగడి, జలపాతాల దారి రోజువారీ అమ్మకానికి పునాది. రెండింటిలోనూ వస్తువు చేసిన మనిషి, లేదా ఆ ఇంటి మనిషి, స్టాల్‌లో ఉండాలి. వాళ్లకు భాష తోడు కావాలంటే ఉట్నూరు, బోథ్, ఇచ్చోడ కాలేజీల విద్యార్థులున్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చి ఆ పనికి పంపవచ్చు.

ఆదిలాబాద్, నిర్మల్, కుమురం భీం జిల్లాల యంత్రాంగాలు, ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కలిసి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కేస్లాపూర్ జాతరలో కళాకారులకు ముందే కేటాయించిన ఒక వరుస ఉండాలి. పొచ్చెర, కుంటాల దగ్గర సీజన్‌లో వంతులవారీ స్టాల్ కావాలి. బయటి మేళాలకు వెళ్లే ప్రతి కుటుంబానికీ సరుకు బీమా కట్టాలి. మేళా ముగిసిన ఆర్నెల్లకు వచ్చిన ఆర్డర్ల లెక్క రాయాలి. పుష్య అమావాస్య ఎప్పుడో పంచాంగంలో ఏడాది ముందే ఉంటుంది. వచ్చే ఏడాది మేళాల పట్టిక వేసే అధికారులు మొదట ఆ తేదీ చూసుకుని, ఆ వారం ఓజాలను వాళ్ల ఊళ్లలోనే ఉండనివ్వాలి.